పాత క్లారినెట్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా: గాలి కారే చోటు పట్టుకోవడం నుంచి చివరి ప్యాడు దాకా

బ్యాండు మేళంలో వాయించిన తాతగారిదో మేనమామదో పాత క్లారినెట్ అటక మీద దొరుకుతుంది. ఊదితే కీచుమంటుంది, లేదా ఉత్త గాలి తప్ప స్వరం రాదు. దీన్ని మనమే బాగుచేసుకోవచ్చా అని కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు. చాలావరకు చేసుకోవచ్చు. ఓపిక ఉండాలి, పనుల వరుస తప్పకూడదు.

ఒక మాట మొదటే గట్టిగా చెప్పాలి. పాత క్లారినెట్ పలకడం లేదంటే, చాలా సందర్భాల్లో ఎక్కడో గాలి కారుతోందని అర్థం. ప్యాడు (రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ల) ఎండి గట్టిపడి ఉంటుంది, స్ప్రింగు నీరసించి ఉంటుంది, కార్కు రాలిపోయి ఉంటుంది, కర్ర పగిలి ఉంటుంది. అందుకే కొత్త ప్యాడ్ల సెట్టు కొనడం మొదటి పని కాదు. గాలి ఎక్కడ కారుతోందో పట్టుకోవడమే మొదటి పని. కింద చెప్పిన ప్రతి మెట్టూ దాని కోసమే.

## 1. చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోండి

క్లారినెట్‌కు ఐదు ముక్కలు ఉంటాయి: మౌత్‌పీస్, బ్యారెల్, పై ముక్క, కింది ముక్క, గరాటులాంటి బెల్. వేళ్లతో నొక్కే లోహపు భాగాలను ఇక్కడ మీటలు అంటాను. మీట చివర ప్యాడు కూర్చునే గుండ్రటి భాగాన్ని గిన్నె అంటాను.

మీటలు లెక్కపెట్టండి. 17 మీటలు, రంధ్రాల చుట్టూ 6 రింగులు ఉంటే అది బోహెమ్ రకం. పాత బ్యాండు వాద్యాల్లో 13 మీటల ఆల్బర్ట్ రకం కూడా బాగా కనిపిస్తుంది. బాగుచేసే పద్ధతి రెండింటికీ ఒకటే, కానీ విడిభాగాలు ఒకదానివి మరొకదానికి సరిపోవు.

తరువాత అది కర్రా, ఎబొనైటా చూడండి. బ్యారెల్ తీసి లోపలికి టార్చి వేస్తే కర్రలో నార గీతలు కనిపిస్తాయి. ఎబొనైట్ అంటే గట్టిపడిన రబ్బరు. ఎండ తగిలిన చోట ఆకుపచ్చగానో గోధుమరంగుగానో మారుతుంది, గుడ్డతో గట్టిగా రుద్దితే గంధకం వాసన వస్తుంది. ఈ తేడా తెలియాలి. కర్రకు నూనె కావాలి, ఎబొనైట్‌కు అక్కర్లేదు. ఎబొనైట్ పగలడం అరుదు, కానీ వేడి తగిలితే వంగుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

చివరగా శ్రుతి. మామూలుగా కనిపించే బి ఫ్లాట్ శ్రుతి క్లారినెట్ పొడవు మౌత్‌పీస్‌తో కలిపి దాదాపు 66 సెంటీమీటర్లు. ఒంటి మీద ఎక్కడైనా హెచ్, పి అని రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉంటే అది పాతకాలపు హెచ్చు శ్రుతి వాద్యం. ఈనాటి 440 హెర్ట్జ్ శ్రుతి హార్మోనియంతోనో కీబోర్డుతోనో అది కలవదు. ఎంత బాగా రిపేరు చేసినా ఆ తేడా పోదు. ఒంటరిగా వాయించుకోవడానికి చాలు అనుకుంటేనే దాని మీద శ్రమ పెట్టండి.

## 2. సామాను

వీటిలో చాలావాటికి ఊరు దాటాల్సిన పని లేదు. ప్యాడ్లు, కార్కు రేకు, సూది స్ప్రింగులు మాత్రం సంగీత వాద్యాల దుకాణంలో చెప్పి తెప్పించుకోవాలి, లేదా ఆన్‌లైన్‌లో కొనాలి.

- గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు
- సన్నమూతి పట్టకారు, చిన్న సుత్తి
- లేసు అల్లే కొక్కెం సూది (స్ప్రింగులను తప్పించడానికి, తిరిగి తగిలించడానికి)
- స్పిరిట్ దీపం, అగ్గిపెట్టె
- లక్క (ఫర్నిచర్ పాలిషు సామాను అమ్మే దుకాణంలో రేకులుగా దొరుకుతుంది)
- 1.6 మి.మీ. మందం కార్కు రేకు, దాంతోపాటు 1 మి.మీ. లోపు పలుచనిది ఒకటి
- చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు జిగురు
- కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే నూనె
- సన్న ఉప్పు కాగితం
- సిగరెట్లు చుట్టుకునే పలుచని కాగితం
- వెర్నియర్ కాలిపర్
- పాత మెత్తటి పళ్ల బ్రష్షు, నూలు గుడ్డలు, ముక్కుకు మాస్కు

మాస్కు వదిలేయకండి. ఏళ్ల తరబడి మూసి ఉన్న పెట్టెలో బూజు ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ పెట్టెను ఆరుబయటే తెరవాలి.

స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో వదులు లేకుండా కూర్చోవాలి. వదులుగా ఉన్న మొనతో తిప్పితే గాడి చెరిగిపోతుంది. చెరిగిన స్క్రూ తీయడం మొత్తం ప్యాడ్లు మార్చడం కన్నా కష్టం.

## 3. విప్పకముందు పరీక్ష

చాలామంది దీన్ని వదిలేసి నేరుగా స్క్రూల మీద పడతారు. అరగంట ఈ పరీక్షకు ఇస్తే తరువాత రోజుల పని మిగులుతుంది.

పై ముక్క ఒక్కదాన్నే తీసుకోండి. ఎడమ చేతి బొటనవేలు, మూడు వేళ్లతో రంధ్రాలు మూయండి. కింది కొసను కుడి అరచేతితో గట్టిగా మూసి, పై కొస నుంచి నోటితో గాలి మెల్లగా పీల్చండి. బాగున్న ముక్క అయితే లోపల గాలి బిగిసి, నోరు తీసేటప్పుడు టప్పుమని చిన్న చప్పుడు వస్తుంది. పీల్చినకొద్దీ గాలి వస్తూనే ఉంటే కారుతోందన్నమాట.

కింది ముక్కకూ ఇంతే. కుడి చేతి మూడు వేళ్లతో రంధ్రాలు మూసి, చిటికెన వేళ్ల మీటలతో తెరిచి ఉండే ప్యాడ్లన్నీ మూయించి, అడుగు కొసను మూసి పీల్చండి. దీనికి రెండు చేతులు చాలవు, ఇంట్లో ఒకరి సాయం తీసుకోండి.

కారుతోందని తేలాక ఎక్కడో వెతకాలి. పలుచని కాగితాన్ని 4 మి.మీ. వెడల్పు పట్టీగా కత్తిరించండి. ప్యాడు కింద పెట్టి, మీటను దాని స్ప్రింగు బలంతోనే మూసుకోనిచ్చి, కాగితాన్ని నెమ్మదిగా లాగండి. ముందు, వెనక, కుడి, ఎడమ, నాలుగు వైపులా ఇలాగే చూడండి. నాలుగు చోట్లా ఒకే పట్టు ఉంటే ప్యాడు బాగున్నట్టు. ఒక వైపు కాగితం జారిపోతే గాలి కారేది అక్కడే. తెరిచి ఉండే మీటలైతే మామూలుగా వాయించేటప్పుడు నొక్కేంత బలంతోనే వేలితో నొక్కి చూడండి. బలం ఎక్కువ పెడితే కారే ప్యాడు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

ప్రతి మీటకూ ఒక అంకె వేసి, ఒక కాగితం మీద రాసుకోండి:

- ప్యాడు చిరిగిందా, గట్టిపడిందా, రంధ్రం మీద వంకరగా కూర్చుందా
- స్ప్రింగు ఉందా, విరిగిందా, నీరసించిందా
- మీట అటూ ఇటూ ఊగుతోందా
- మీట కింద ఉండాల్సిన కార్కు ముక్క ఉందా
- చుట్టుపక్కల కర్రలో గీత ఉందా

ఈ జాబితాయే మీ పని పట్టిక. ఇందులో తప్పు కనిపించని మీట జోలికి వెళ్లకండి. బాగున్న ప్యాడును కొత్త సెట్టు కొన్నాం కదా అని పీకేయడం వల్ల లాభం లేదు.

## 4. విప్పడం

ముందు ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఒక అట్ట మీద పై ముక్క, కింది ముక్క బొమ్మలు గీసి, తీసిన ప్రతి స్క్రూను దాని స్థానంలో అట్టకు గుచ్చండి. చూడటానికి ఒకేలా ఉన్నా వీటి పొడవుల్లో తేడా ఉంటుంది. ఒకదాని బదులు ఇంకొకటి బిగిస్తే మీట పట్టేస్తుంది.

తుప్పు పట్టిన స్క్రూ కదలకపోతే బలం పెట్టకండి. తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్క అగ్గిపుల్ల మొనతో వేసి రాత్రంతా వదిలేయండి. మరునాడూ కదలకపోతే, వేడి చేసిన సోల్డరింగ్ ఐరన్ మొనను కొన్ని సెకన్లు స్క్రూ తల మీద ఉంచి, చల్లారాక మళ్లీ నూనె వేసి ప్రయత్నించండి. విప్పే ముందు కొంచెం బిగించే వైపు తిప్పితే పట్టు సడలుతుంది.

స్క్రూ తీయకముందే కొక్కెం సూదితో స్ప్రింగును దాని గాడి నుంచి తప్పించండి. అలా చేయకుండా మీటను లాగితే పాత స్ప్రింగు పుటుక్కున విరుగుతుంది.

మొదటిసారి చేస్తున్నవారికి నా సలహా ఇదే: రెండు ముక్కలూ ఒకేసారి విప్పకండి. కింది ముక్క మొదలుపెట్టి, పూర్తిచేసి, పరీక్షలో నెగ్గాకే పై ముక్క ముట్టుకోండి. కింది ముక్కలో ప్యాడ్లు పెద్దవి, చేయి తిరగడానికి అనువైనవి. పైగా అయోమయంలో పడితే చూసుకోవడానికి విప్పని ముక్క ఒకటి పక్కన ఉంటుంది.

## 5. శుభ్రం చేయడం

దీనికి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కర్రను పొడి బ్రష్షుతో దులపండి. రంధ్రాల్లో పేరుకున్న మట్టిని పుల్లకు చుట్టిన దూదితో తీయండి. కర్రను నీళ్లలో ముంచకూడదు, రంధ్రాల అంచులకు ఉప్పు కాగితం తగలనీయకూడదు. ప్యాడు కూర్చునే ఆ అంచు చెడితే ఎంత కొత్త ప్యాడు వేసినా గాలి ఆగదు.

మీటలకు చింతపండు వద్దు. ఇత్తడి బిందెలకు అది బాగానే పనిచేస్తుంది గానీ, ఈ మీటలు జర్మన్ సిల్వర్ మీద పూత వేసినవి. పులుపు మీటల గొట్టాల్లోకి చేరితే లోపలి ఉక్కు కడ్డీలు తుప్పు పడతాయి. గుడ్డ మీద కొంచెం స్పిరిట్ వేసి తుడిస్తే చాలు. మెరుపు కావాలంటే, మీటలు పూర్తిగా విప్పి ఉన్నప్పుడే వెండి తుడిచే గుడ్డతో రుద్దండి.

మౌత్‌పీస్‌ను గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బుతో కడగండి. వేడినీళ్లు పోస్తే ఎబొనైట్ రంగు మారి, ఆకారం కూడా చెడుతుంది. మొన దగ్గర పెచ్చు ఊడి ఉంటే కొత్త మౌత్‌పీస్ కొనాల్సిందే, దానికి ఇంట్లో మందు లేదు. పాత రీడు (మౌత్‌పీస్‌కు బిగించే, ఊదితే అదిరే పలుచని బద్ద) ఎవరు వాడిందైనా పారేయండి. పరీక్షకు 2 లేదా 2½ నంబరు కొత్త రీడు పెట్టుకోండి. చెడ్డ రీడుతో ఊదితే తప్పు రీడుదో ప్యాడుదో తేలదు.

## 6. కర్ర, మన ఎండలు

ఇది మన ప్రాంతంవారు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన భాగం. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మి.మీ. దగ్గరే. వేసవిలో కర్నూలు, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. ఏళ్ల తరబడి అటక మీద రేకుల కప్పు కింద ఉన్న క్లారినెట్ కర్ర లోపలిదాకా ఎండిపోయి ఉంటుంది. దాన్ని తీసి ఒక్కసారిగా గంటసేపు ఊదితే, శ్వాసలోని తేమకు లోపలి గోడ ఉబ్బుతుంది, బయటి గోడ ఎండినట్టే ఉంటుంది. ఆ లాగులాటలో పై ముక్క పగులుతుంది. సాధారణంగా పగులు పై ముక్కలోనే, రంధ్రాల వరుస వెంబడి వస్తుంది.

అందువల్ల కర్రకు ముందు తేమ అలవాటు చేయాలి. విప్పిన ముక్కలను మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. చిల్లులు పొడిచిన సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పాంజి ఉంచి, కర్రకు తగలకుండా అదే డబ్బాలో పెట్టండి. రోజుకోసారి తెరిచి గాలి ఆడనివ్వండి, బూజు కనిపిస్తే స్పాంజి తీసేయండి. రెండు వారాల్లో సన్నటి పగుళ్లు చాలావరకు వాటంతట అవే దగ్గరపడతాయి. అప్పటిదాకా జిగురు పోయకండి. ఎండి విచ్చుకున్న పగుల్లో జిగురు నింపితే, కర్ర మళ్లీ తేమ పీల్చి ఉబ్బినప్పుడు ఆ గట్టి జిగురు పక్క కర్రను నొక్కి ఇంకోచోట పగలగొడుతుంది.

తేమ పట్టాక కూడా వెంట్రుకంత గీత మిగిలితే, పలుచటి సూపర్ గ్లూ దాని వెంట చుక్కచుక్కగా వదలండి, అదే లోపలికి పీల్చుకుంటుంది. వాద్యం కర్రలాంటి నల్ల కర్ర పొడి దొరికితే పైన అద్ది, ఆరాక సన్నగా గీకి చదును చేయండి. చేతికి తొడుగు వేసుకోండి, రంధ్రాల్లోకి జిగురు కారనీయకండి.

పగులు రంధ్రం గుండా పోతున్నా, గోరు దిగేంత వెడల్పు ఉన్నా, అక్కడ ఆగిపోండి. దానికి లోపల పిన్నులు దించడమో, చుట్టూ పట్టీ వేయడమో కావాలి. అది చేయి తిరిగినవారి పని.

తరువాత నూనె. గుడ్డకు నాలుగైదు చుక్కల బాదం నూనె రాసి, పై ముక్క, కింది ముక్క లోపలి గొట్టంలో పలుచగా లాగండి. రాత్రంతా ఉంచి, పొద్దున పొడి గుడ్డతో తుడిచేయండి. మీటలు విప్పి ఉన్నప్పుడే ఈ పని చేయాలి, ప్యాడుకు నూనె తగిలితే అది పాడైనట్టే. ఇంట్లో ఉంది కదా అని వేరుశనగ నూనె రాయకండి, అది కొన్నాళ్లకు జిగటగా మారి కంపు కొడుతుంది. ఆముదం మొదటినుంచే జిగట. కొబ్బరి నూనె చలికాలం పొద్దున గడ్డకడుతుంది.

ఎబొనైట్ వాద్యమైతే ఈ భాగమంతా మీకు అక్కర్లేదు. ఎండలో పెట్టకుండా ఉంటే చాలు.

## 7. ముక్కలు కలిసే కొసలు

ఒక ముక్క మరొకదానిలో దూరే కొసకు కార్కు చుట్టి ఉంటుంది. అది ఎండి రాలితే అక్కడా గాలి కారుతుంది.

1. పాత కార్కును, జిగురును గీకి, స్పిరిట్ గుడ్డతో తుడవండి.
2. గాడి వెడల్పుకు సరిగ్గా 1.6 మి.మీ. కార్కు పట్టీ కత్తిరించండి. పొడవు చుట్టుకొలత కన్నా 5 మి.మీ. ఎక్కువ ఉండాలి.
3. పట్టీ ఒక చివరను ఉప్పు కాగితంతో ఏటవాలుగా అరగదీయండి. రెండో చివర దాని మీదికి ఎక్కుతుంది.
4. గాడికీ పట్టీకీ రబ్బరు జిగురు పలుచగా రాసి, వేలికి అంటని స్థితి వచ్చేదాకా ఆగండి. తడిగా ఉండగా అతికిస్తే పట్టు రాదు.
5. చుట్టి, గట్టిగా నొక్కి, ఎక్కువైన చివరను కోసి చదును చేయండి.
6. కొంచెం కొంచెంగా అరగదీస్తూ, ప్రతిసారీ ఎక్కించి చూడండి. చేతి బలంతో సాఫీగా తిరిగితే చాలు.

కార్కు దొరక్కపోతే దారం. బ్యాండువాళ్లు దశాబ్దాలుగా ఇదే చేస్తున్నారు, సరిగా చుడితే ఇది తక్కువ రకం పనేమీ కాదు. ధర్మవరం వైపు ఉన్నవారైతే మగ్గాల దగ్గర మిగిలిన పట్టు దారం అడగండి. దానికి తేనెమైనం పట్టించి, వరుస పక్కన వరుసగా చుట్టండి. ఎగుడుదిగుడు ఉండకూడదు. ఒక పొర వేసి ఎక్కించి చూశాకే రెండో పొర వేయండి. మరీ బిగువుగా దూర్చితే బయటి ముక్క మూతి పగులుతుంది.

## 8. స్ప్రింగులు

సూదిలా ఉండేవి, బద్దలా ఉండేవి అని రెండు రకాలు. బద్ద స్ప్రింగు నీరసిస్తే, మీట తీసి దాన్ని వేలితో కొద్దిగా వంచితే మళ్లీ పనిచేస్తుంది. సూది స్ప్రింగు విరిగితే మార్చాల్సిందే.

విరిగిన ముక్క, మీటను పట్టి ఉంచే చిన్న నిలువు లోహపు స్తంభంలో ఇరుక్కుని ఉంటుంది. స్తంభానికి వెనక నుంచి ఊతం ఇచ్చి, మొద్దు మొన ఉన్న సన్నటి ఉక్కు పుల్లతో, అది ఎక్కిన దారినే వెనక్కి తట్టండి. స్తంభం కర్రలో మర బిగించి ఉంటుంది కాబట్టి ఊతం లేకుండా కొడితే అది ఊగిపోతుంది.

కొత్త సూది స్ప్రింగు దొరికేదాకా కుట్టు సూదితో పని నడపవచ్చు, కానీ ఉన్నదున్నట్టు పెట్టకండి. కుట్టు సూది మరీ గట్టిది, వంచితే విరుగుతుంది. ముందు దాని ఒంటిని తెల్లగా మెరిసేలా ఉప్పు కాగితంతో రుద్దండి. స్పిరిట్ దీపం మంటకు కాస్త పైన పట్టుకుని మెల్లగా కదిలిస్తూ చూడండి. మొదట లేత పసుపు తిరుగుతుంది, తరువాత గోధుమ, ఊదా, ఆ వెంటనే ముదురు నీలం. నీలం రాగానే మంట నుంచి తీసేయండి. ఆ నీలం దగ్గర ఉక్కులో బిరుసు పోయి సాగే గుణం నిలుస్తుంది. ఇంకా ఉంచితే బూడిద రంగుకు తిరిగి మెత్తబడుతుంది, అప్పుడు వంచితే వంగినట్టే ఉండిపోతుంది. బెజ్జం ఉన్న చివర తుంచేసి, మొద్దు కొసను సుత్తితో కొంచెం చపటగా కొట్టి, స్తంభంలో బిగించండి. పాత స్ప్రింగు మందాన్నే ఎంచుకోండి. కంటికి అద్దాలు పెట్టుకోవడం మరవకండి, తుంచేటప్పుడు సూది ముక్క ఎగురుతుంది.

మీటే విరిగిందా? ప్రొద్దుటూరు లాంటి బంగారు పనుల ఊళ్లో ఏ కంసాలి అయినా వెండి టంకంతో అతికించి ఇస్తారు. ఇచ్చే ముందు ప్యాడు, కార్కు, బద్ద స్ప్రింగు తప్పక తీసేయండి. ఆ వేడికి స్ప్రింగు మెత్తబడిపోతుంది. చవకరకం పోత లోహపు మీట అయితే టంకం నిలవదు, వంచబోయినా విరుగుతుంది.

## 9. ప్యాడ్లు

ఇక అసలు పని. క్లారినెట్ ప్యాడు అంటే అట్ట ముక్క మీద ఉన్ని బిళ్ల, దాని మీద పలుచని పొర. వీటి వ్యాసం చిన్న మీటలకు 8–9 మి.మీ. నుంచి, అడుగున ఉండే పెద్ద మీటలకు 17 మి.మీ. దాకా ఉంటుంది. పాత ప్యాడును కొలవకండి, అది ఉబ్బో కుంచించుకుపోయో ఉంటుంది. ఖాళీ గిన్నె లోపలి వ్యాసం కాలిపర్‌తో కొలిచి, ఆ కొలత ప్యాడు తెప్పించండి. మందం కూడా ముఖ్యం. మందం ఎక్కువైతే ప్యాడు వెనక వైపే ముందుగా అంటుకుని ముందు వైపు తెరిచి ఉంటుంది. తక్కువైతే దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ఒక్కో మీటకు వరుస ఇది:

1. గిన్నె వెనక వైపు దీపం మంట చూపించి పాత లక్క కరిగాక, ప్యాడును సూదితో లేపి తీయండి. గిన్నెను శుభ్రంగా తుడవండి. వేడి చేసే పని ఎప్పుడూ మీటను వాద్యం నుంచి వేరుచేశాకే.
2. గిన్నె మధ్యలో లక్క ముక్క వేసి, కింద నుంచి వేడి చేయండి. పలుచగా పరుచుకునేంత చాలు. బుడగలు వస్తే వేడి మించిందని గుర్తు.
3. ప్యాడు పెట్టి, చదునైన లోహపు రేకుతో సమంగా నొక్కండి. పొర మీద వేలు పెట్టకండి, గోరు తగిలితే చిరుగుతుంది.
4. చల్లారాక మీటను వాద్యానికి బిగించండి. మీట గొట్టంలో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు.
5. కాగితం పట్టీతో నాలుగు వైపులా చూడండి.

మొదటిసారే నాలుగు వైపులా సమంగా రావడం అరుదు, దానికి నిరాశపడకండి. కాగితం ముందు వైపు జారుతోందనుకుందాం. మీట విప్పి, గిన్నెను లక్క మెత్తబడేంత మాత్రమే వేడి చేసి, ముందు వైపు ప్యాడును రేకుతో గిన్నె నుంచి వెంట్రుకవాసి బయటికి లాగి, వెనక వైపు అంతే నొక్కండి. మళ్లీ బిగించి చూడండి. ఇలా రెండు మూడుసార్లు తిప్పాల్సి వస్తుంది. కాగితం నాలుగు వైపులా ఒకే పట్టుతో ఆగే క్షణం మీ వేళ్లకే తెలుస్తుంది. ఒకసారి ఆ పట్టు తెలిసిందంటే తరువాతి ప్యాడ్లు త్వరగా లొంగుతాయి.

సరిపోయాక, మూసుకుని ఉండే మీటలను అలాగే రాత్రంతా వదిలేయండి. తెరిచి ఉండే వాటిని మెత్తటి గుడ్డ పట్టీతో తేలికగా కట్టి మూసి ఉంచండి. పొర మీద రంధ్రం గుండ్రటి ముద్ర సమంగా పడాలి. బిగించి కడితే ముద్ర లోతుగా దిగి ప్యాడు ఆయుష్షు తగ్గుతుంది.

లక్క బదులు సూపర్ గ్లూ వాడిన వాద్యాలు చాలా కనిపిస్తాయి. దయచేసి ఆ పని చేయకండి. లక్క అయితే వేడి చేసి వందసార్లు సర్దుకోవచ్చు. సూపర్ గ్లూతో అతికిన ప్యాడు వంకరగా కూర్చుంటే సర్దడానికి వీలుండదు, తర్వాత గిన్నె గీకడానికే పూట గడిచిపోతుంది.

వరుస విషయానికొస్తే, అడుగున ఉన్న పెద్ద ప్యాడ్లతో మొదలుపెట్టి పైకి రండి. పై ముక్క పక్కన వరుసగా ఉండే చిన్న మీటలు చివరికి. బొటనవేలి పైన ఉండే రిజిస్టర్ మీట ప్యాడు మాత్రం రెండుసార్లు పరీక్షించండి. అది చిన్నదే, కానీ ఏ కొంచెం కారినా కింది స్వరాలన్నీ కీచుమంటాయి.

## 10. జతగా కదిలే మీటలు

ఒక్కో ప్యాడు విడిగా బాగున్నా, జతలు కుదరకపోతే స్వరం రాదు. బోహెమ్ రకంలో మూడు చోట్ల చూడాలి.

చిటికెన వేలి మీట: అన్నిటికన్నా కింది స్వరానికి మీట నొక్కితే రెండు పెద్ద ప్యాడ్లు ఒకేసారి మూసుకోవాలి. రెండింటి కింద కాగితం పెట్టి నొక్కండి. ఒకటి జారితే, రెండు మీటలు తగిలే చోట ఉన్న కార్కు మందం మార్చాలి. ముందుగా మూసుకునే ప్యాడు తాలూకు కార్కు పలుచన చేయాలా, వెనకబడినదానికి మందం పెంచాలా అన్నది మీటను నెమ్మదిగా నొక్కుతూ కంటితో చూస్తేనే అర్థమవుతుంది.

రెండు ముక్కల మధ్య వంతెన: కింది ముక్క రింగులు నొక్కితే పై ముక్క మీద ఒక ప్యాడు మూసుకోవాలి. ముక్కలు కలిపేటప్పుడు పై ముక్క రింగులు నొక్కి వంతెన మీటను పైకి లేపి ఉంచండి. అలా చేయకుండా తిప్పితే అది వంగుతుంది. చాలా పాత క్లారినెట్లలో చెడింది ఇదే.

పైన ఉన్న చిన్న సర్దుబాటు స్క్రూ: చూపుడు వేలి దగ్గర రెండు మీటలు కలిసే చోట ఉంటుంది. ఎక్కువ బిగిస్తే కింది ప్యాడు ఎప్పుడూ కొద్దిగా తెరిచే ఉంటుంది. మీటల మధ్య కాగితమంత సందు మిగిలేలా వదులు చేయండి.

ఆల్బర్ట్ రకంలో జతలు తక్కువ, కాబట్టి ఈ దశ త్వరగా ముగుస్తుంది.

## 11. ఊదాక వచ్చే ఇబ్బందులు

- కింది స్వరాలు రావు, పైవి వస్తాయి: రిజిస్టర్ మీట ప్యాడు, లేదా పై ముక్క పక్క మీటల్లో ఒకటి కారుతోంది.
- కుడి చేతి వేళ్లు మూయగానే స్వరం పోతుంది: వంతెన సర్దుబాటు తప్పింది, లేదా కింది ముక్క ప్యాడు ఒకటి కారుతోంది.
- మీట నొక్కితే నెమ్మదిగా లేస్తుంది: స్ప్రింగు గాడి నుంచి తప్పింది, లేదా గొట్టంలో పాత నూనె గట్టిపడింది. కడ్డీ తీసి తుడిచి కొత్త చుక్క వేయండి.
- టకటకమని చప్పుడు: మీట కింద కార్కు రాలింది. పలుచని కార్కు ముక్క అతికించండి.
- ప్యాడు అంటుకుపోతోంది: పలుచని కాగితం పెట్టి మూసి, తడి పీల్చనివ్వండి. పౌడరు చల్లకండి.
- అన్నీ బాగున్నా కీచు: రీడు మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే వేళ్లు రంధ్రాలను పూర్తిగా మూస్తున్నాయో లేదో చూసుకోండి.

## 12. మొదటి వారాలు

కర్ర వాద్యాన్ని మొదటి వారం రోజుకు 15 నిమిషాలకు మించి ఊదకండి. తరువాత వారానికి కొంచెం చొప్పున పెంచండి. ఊదిన ప్రతిసారీ మెత్తటి గుడ్డకు దారం, చిన్న బరువు కట్టి లోపలి తడి లాగేయండి. పాత పట్టు గుడ్డ అయితే ఇంకా మంచిది, దానికి నలుసులు రాలవు. పెళ్లి పందిట్లో వాయించి వచ్చి కారులో వదిలేయకండి.

కొత్త ప్యాడ్లు కొన్నాళ్లకు కొద్దిగా కుదురుకుంటాయి. నెల తిరిగాక కాగితం పట్టీ పరీక్ష మళ్లీ చేసి, జారిన చోట లక్కను వేడి చేసి సర్దండి.

ఫిబ్రవరి చివర్లో ఎండలు ముదరగానే ముక్కల మూతుల దగ్గర ఉండే లోహపు రింగులను వేలితో తిప్పి చూడండి. కదిలితే కర్ర ఎండి కుంచించుకుపోయిందని అర్థం. అలాగే వాయిస్తే ఆ మూతి పగులుతుంది. స్పాంజి పెట్టిన డబ్బాలో వారం రోజులు ఉంచండి. రింగు అప్పటికీ వదులుగానే ఉంటే, దాన్ని తీసి, కింద పలుచని కాగితం ఒక చుట్టు వేసి మళ్లీ ఎక్కించండి.